లొట్టిలో, మడిలో: గాలి లేని చోట బతుకు

(మిర్యాలగూడ దగ్గరి ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థులు, రైతుల ముందు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొలం పనులు పక్కన పెట్టుకొని వచ్చిన అన్నలకు, అక్కలకు మరోసారి నమస్కారం.

ఈ బల్ల మీద ఒక గాజు సీసా ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు కల్లు లొట్టి దగ్గర మొదలుపెడదాం.

తాటిచెట్టుకు కట్టిన లొట్టిలోకి చుక్కచుక్కగా దిగే రసం తియ్యగా ఉంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే అది నీరాగానే ఉంటుంది. సున్నం లేకపోతే చెట్టు మీద నుంచి దించేసరికే నురగ కడుతుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే నోట్లో పెట్టుకోలేనంత పులుపు. రసం ఒకటే, లొట్టీ ఒకటే. మారింది లోపల పనిచేస్తున్న జీవులు, వాటికి అందుతున్న గాలి.

కల్లులో ఈస్ట్‌తో పాటు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది ఒక గ్లూకోజ్ అణువును విరగ్గొట్టి రెండు ఆల్కహాల్, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు చేస్తుంది. మనం చూసే నురగ ఆ గ్యాసుదే. ఇంత చేస్తే దానికి దక్కేది ఒక్క ఏటీపీ. కణం ఏ పని చేయాలన్నా ఖర్చుపెట్టేది ఈ ఏటీపీనే, రోజు కూలి లాంటిదన్నమాట. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దీన్ని కండరాల్లో కనుక్కున్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కున్నారు. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ సుబ్బారావు పేరు దగ్గర నేను ఒక నిమిషం ఆగుతాను.

మన పెరుగులోని లాక్టిక్ బ్యాక్టీరియాకు ఒక గ్లూకోజ్‌కు సాధారణంగా రెండు ఏటీపీలు వస్తాయి. ఆక్సిజన్ వాడుకునే బ్యాక్టీరియాకు అదే గ్లూకోజ్ నుంచి, జాతిని బట్టి, ఇరవైకి పైనే వస్తాయి. ఇంత తేడా ఎందుకు?

చక్కెరను విరిచినప్పుడు ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. వాటిని ఎవరో ఒకరు తీసుకోవాలి, లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది. ఆక్సిజన్ వాటిని గట్టిగా లాక్కుంటుంది. అంటే ఎలక్ట్రాన్లు చాలా ఎత్తు నుంచి కిందికి దిగుతాయి. నాగార్జునసాగర్ గుర్తుతెచ్చుకోండి. నీళ్లు ఎంత ఎత్తు నుంచి దిగితే అంత కరెంటు. బ్యాక్టీరియా చుట్టూ ఉన్న పలుచని పొరే దాని ఆనకట్ట. ఎలక్ట్రాన్లు దిగే బలంతో ప్రోటాన్లను పొర బయటికి తోస్తుంది. అవి తిరిగి లోపలికి వచ్చే దారిలో ఒక టర్బైన్ ఉంటుంది, అది తిరుగుతూ ఏటీపీ చేస్తుంది. 1961లో పీటర్ మిచెల్ ఈ మాట చెప్తే చాలామంది ఒప్పుకోలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. టర్బైన్ అన్నది పోలిక కోసం చెప్పిన మాట కాదు. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు బ్యాక్టీరియా నుంచి తీసిన ఆ యంత్రం తిరగడాన్ని మైక్రోస్కోప్ కింద చూశారు.

మరి గాలి లేనప్పుడు? పులిసే చోట బ్యాక్టీరియా ఆ ఎలక్ట్రాన్లను విరిచిన చక్కెర ముక్కల మీదే తిరిగి పెట్టేస్తుంది. అలా తయారైనవే ఆల్కహాల్, లాక్టిక్ ఆమ్లం. శక్తిలో ఎక్కువ భాగం వాటిలోనే మిగిలిపోతుంది. మన ల్యాబులో స్పిరిట్ దీపం వెలుగుతుంది కదా, ఆ మంట అలా వాడుకోకుండా వదిలేసిన శక్తే. లొట్టి పైభాగంలో గాలి తగిలే చోట ఇంకో రకం బ్యాక్టీరియా చేరి, ఆ ఆల్కహాల్‌నే ఆక్సిజన్‌తో వెనిగర్‌గా మార్చి తన కూలి తాను తీసుకుంటుంది. ఆ పులుపు అక్కడిదే.

ఇక మడి దగ్గరికి వద్దాం. నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే.

చిన్నప్పుడు నాయినతో కరిగెటలో దిగితే కాలు పెట్టిన చోటల్లా బుడగలు లేచేవి. ఆ బుడగలు ఎవరి ఊపిరో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. మామూలు వేడిలో లీటరు నీళ్లలో సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజనే ఇముడుతుంది. పైగా నీళ్లలో అది గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అందుకే మడిలో నీరు నిలబెట్టిన కొద్ది సమయానికే బురదలో ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది. పైన ఒక పలుచని పొరలో మాత్రమే మిగులుతుంది.

అయినా బ్యాక్టీరియా ఊపిరి ఆగదు. ఆక్సిజన్ తర్వాత నైట్రేట్‌కు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. అది అయిపోతే మాంగనీస్, తర్వాత ఇనుము, ఆ తర్వాత సల్ఫేట్. మెట్టు దిగినకొద్దీ వచ్చే శక్తి తగ్గుతుంది. చివరి మెట్టులో కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకొని మీథేన్ చేసేవి కూడా ఉంటాయి. అవి ఆర్కియా అనే వేరే వంశం జీవులు. మా కాళ్ల కింద లేచిన బుడగల్లో ఉన్నది, గోబర్ గ్యాస్ పొయ్యిలో మండేది ఆ మీథేనే. కుళ్లిన గుడ్డు వాసన సల్ఫేట్ మెట్టుది. మురుగు కలిసిన నీళ్లలో అడుగు బురద నల్లబడేది కూడా దాని వల్లే. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ బురదను చూస్తే మీకే అర్థమవుతుంది. వరి మొక్కను పీకి వేర్లు చూడండి, తుప్పు రంగు పొర కనిపిస్తుంది. వరి తన కాడ గుండా గాలిని వేళ్ల దాకా తీసుకెళ్తుంది. అక్కడ ఇనుము మళ్లీ తుప్పు పడుతుంది.

రైతు అన్నలు ఇది జాగ్రత్తగా వినండి. నిలిచిన నీళ్లలో యూరియా చల్లితే అది అమ్మోనియం అవుతుంది. కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. ఇంకొంతను పై పొరలో ఉన్న బ్యాక్టీరియా ఆక్సిజన్‌తో నైట్రేట్‌గా మార్చి, ఆ మార్పుతోనే బతుకుతుంది. ఆ నైట్రేట్ కింది బురదలోకి దిగితే, అక్కడ గాలి లేక ఎదురుచూసే వేరే బ్యాక్టీరియా దాన్ని ఊపిరిగా పీల్చి నత్రజని వాయువు చేసి వదిలేస్తుంది. పైవాడు సంపాదించింది కిందివాడు ఖర్చుపెడతాడు, డబ్బు మాత్రం మీది. మా నాయిన ఎన్నో యాసంగుల్లో నిండు మడిలోనే యూరియా చల్లాడు, ఆకు ఎందుకు పచ్చబడలేదని టెన్షన్ పడ్డాడు. తెలిసుంటే చెప్పేవాణ్ణి. నీరు తీసేసి బురద పదనులో చల్లి, ఒకటి రెండు రోజులయ్యాక నీరు పెట్టమని వ్యవసాయ అధికారులు చెప్పేది ఇందుకే.

ఇంకో మాట. కొన్ని బ్యాక్టీరియాలకు ఆక్సిజన్ విషం. ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం అలాంటిదే. మట్టిలో విత్తనంలా పడి ఉండి, మేకు లోతుగా దిగిన చోట, గాలి తగలని గాయంలో మొలుస్తుంది. పొలంలో మేకు గుచ్చుకుంటే ఆలస్యం చేయకుండా టీటీ ఇంజెక్షన్‌కు వెళ్లండి.

ఇప్పుడు సీసా. మా మడి బురదలో చింపిన పేపరు ముక్కలు, ఉడికించిన గుడ్డు సొన, చిటికెడు జిప్సం కలిపి, పైన కొంచెం నీళ్లు పోసి, రెండు నెలలు కిటికీలో పెట్టాను. అమ్మోనియా మీద బతికే బ్యాక్టీరియా గుట్టు విప్పిన రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1880లలో నేర్పిన పద్ధతి ఇది. పైన ఆకుపచ్చ పొర, గాలి ఉన్న చోటు. దాని కింద తుప్పు రంగు. ఇంకా కింద ఊదా మచ్చలు, అవి వెలుతురును, కింది నుంచి వచ్చే కుళ్లు గ్యాసును వాడుకొని బతికేవి. అట్టడుగున నలుపు.

ఒక్కొక్కరే వచ్చి దగ్గర నుంచి చూడండి. సీసాను మాత్రం కదిలించకండి. కదిలితే పైన ఉన్న గాలి కిందికి దిగి, రెండు నెలలుగా కట్టుకున్న పొరలన్నీ కలిసిపోతాయి.