మోటారు పక్కన ఐసొలేటర్, ప్యానెల్‌లో డ్రైవ్: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల శ్రోతలకు నమస్కారం. మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్‌లు ఇప్పుడు రైసు మిల్లుల్లోనూ, జీడిపప్పు యూనిట్లలోనూ, జూట్ మిల్లుల్లోనూ కనిపిస్తున్నాయి. అలాంటి మోటారు దగ్గర పని చేసే ముందు కరెంటును ఎక్కడ, ఎలా తెంచాలన్నది ఈ రోజు విషయం. మీ సందేహాలకు ఇంజనీరు గారు సమాధానం చెబుతారు. మొదటి ఫోన్ నరసన్నపేట నుంచి. చెప్పండి.

నరసన్నపేట శ్రోత: నమస్కారమండి. నేను రైసు మిల్లులో ఎలక్ట్రీషియన్‌ని. బ్లోయరు మోటారు పై అంతస్తులో ఉంది, డ్రైవ్ కింద ప్యానెల్‌లో ఉంది. మోటారు పక్కన ఒక ఐసొలేటర్, అంటే చేత్తో తిప్పి కరెంటును తెంచే స్విచ్, పెట్టాము. బెల్టు జారినప్పుడల్లా కుర్రాళ్లు కిందికి దిగకుండా, మోటారు తిరుగుతుండగానే దాన్ని ఆఫ్ చేస్తున్నారు. మళ్లీ ఆన్ చేయగానే డ్రైవ్ ట్రిప్ అయి తనంతట తానే ఆగిపోతోంది. ఐసొలేటర్ తీసేయమని మా యజమాని గారు అంటున్నారు. తీసేయవచ్చా అండి?

ఇంజనీరు: తీసేయవద్దు బాబూ. పని చేసే మనిషి కంటి ముందే ఐసొలేటర్ ఉండడం, దానికి తన తాళం తానే వేసుకోగలగడం చాలా మంచి ఏర్పాటు. చిక్కంతా దాన్ని నడుస్తుండగా తెంచడంలో ఉంది. మోటారు చుట్టల్లో పారుతున్న కరెంటు ఉన్నట్టుండి ఆగదు కనుక విడిపోతున్న కాంటాక్టుల మధ్య ఆర్క్, అంటే మెరుపులాంటి నిప్పు, లేస్తుంది, ఆ సమయంలో పుట్టే వోల్టేజీ డ్రైవ్‌లోని ట్రాన్సిస్టర్లను దెబ్బతీయవచ్చు. మామూలు 50 హెర్ట్జ్ సరఫరాలో కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను తాకుతుంది కాబట్టి ఆర్క్ ఆరిపోవడానికి వీలుంటుంది. అదే డ్రైవ్ 5 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంటే సెకనుకు 10 సార్లే ఆ అవకాశం వస్తుంది. ఇక మళ్లీ ఆన్ చేసినప్పుడు, డ్రైవ్ అప్పటికే పూర్తి వోల్టేజీ ఇస్తూ ఉంటే, ఆగి ఉన్న మోటారు ఒక్కసారిగా అనేక రెట్ల కరెంటు లాగబోతుంది. అందుకే ట్రిప్ అవుతోంది.

నరసన్నపేట శ్రోత: మరి ఏం చేయమంటారండి?

ఇంజనీరు: ఆగ్జిలరీ కాంటాక్టు, అంటే డ్రైవ్‌కు సంకేతం పంపే చిన్న అదనపు కాంటాక్టు, ఉన్న ఐసొలేటర్ తెప్పించండి. హ్యాండిల్ తిప్పగానే మెయిన్ కాంటాక్టులకంటే ముందు ఆ చిన్న కాంటాక్టు తెరుచుకోవాలి. దాని వైర్లను డ్రైవ్ నడవడానికి అనుమతి ఇచ్చే ఎనేబుల్ టెర్మినల్‌కు గానీ, మోటారుకు తిప్పే శక్తి అందకుండా ఆపే సేఫ్ టార్క్ ఆఫ్ టెర్మినల్‌కు గానీ కలిపితే, డ్రైవ్ ముందుగా అవుట్‌పుట్ మానేస్తుంది, ఆ తరువాతే మెయిన్ కాంటాక్టులు విడిపోతాయి. తిరిగి ఆన్ చేసినంత మాత్రాన మోటారు తనంతట తాను తిరగకుండా, స్టార్ట్ మళ్లీ నొక్కితేనే కదిలేటట్టు సెట్టింగ్ చూసుకోండి. ఐసొలేటర్ కొనేటప్పుడు ఐఎస్/ఐఈసీ 60947-3 అనే ప్రమాణం ప్రకారం మోటారు లోడుకు తగిన ఏసీ-23 రకం అని దాని మీద రాసి ఉందో లేదో గమనించండి. అయినా మామూలు రోజుల్లో ముందు డ్రైవ్‌ను స్టాప్ చేసి, ఆ తరువాతే హ్యాండిల్ తిప్పమని కుర్రాళ్లకు చెప్పండి. తాళం, ఐసొలేటర్ ఖరీదు చూసి వెనకాడే యజమానులు, కాలిపోయిన డ్రైవ్ బదులు కొత్తదానికి మాత్రం మారుమాట లేకుండా డబ్బు కడతారు!

నరసన్నపేట శ్రోత: ఆ తాళం వేశాక డ్రైవ్ కవరు విప్పవచ్చా అండి?

ఇంజనీరు: అస్సలు విప్పకూడదు. మోటారు వైపు ఐసొలేటర్ రక్షించేది మోటారు మీద చేయి పెట్టే మనిషిని మాత్రమే. డ్రైవ్‌కు వచ్చే మెయిన్ ఆఫ్ చేసి దానికి కూడా తాళం వేయాలి. ఆ తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. 415 వోల్టుల సరఫరా డీసీగా మారితే దాదాపు 587 వోల్టులు అవుతుంది, అది ప్రాణం తీయగలదు. ఎన్ని నిమిషాలు ఆగాలో డ్రైవ్ మీదే రాసి ఉంటుంది. అంతసేపు ఆగి, 1000 వోల్టుల డీసీ కొలవగల మీటరుతో డీసీ ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య కొలవండి. నియాన్ టెస్టరును నమ్మవద్దు. కొలవడానికి ముందూ తరువాతా మీటరు పనిచేస్తోందో లేదో కరెంటు ఉన్న చోట ఒకసారి చూసుకోండి.

వ్యాఖ్యాత: తరువాత పలాస నుంచి ఒక సోదరి లైనులో ఉన్నారు.

పలాస శ్రోత: నమస్కారమండి. మాది జీడిపప్పు యూనిట్. పొగగొట్టం ఫ్యాను శుభ్రం చేసేటప్పుడు మా పనివాళ్లు డ్రైవ్ మీద స్టాప్ నొక్కి, రెక్కల్లో చేయి పెడుతున్నారు. అది చాలుతుందా అండి?

ఇంజనీరు: చాలదమ్మా. స్టాప్ అన్నది డ్రైవ్‌కు ఇచ్చే ఆజ్ఞ మాత్రమే. కరెంటు లోపలికి వస్తూనే ఉంటుంది. ఆటో-రీస్టార్ట్ సెట్టింగ్ ఉంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు గానీ, జనరేటర్ అందుకున్నప్పుడు గానీ ఫ్యాను దానంతట అదే తిరగవచ్చు. మీ యూనిట్‌లో ఐసొలేటర్ ఆఫ్ చేసి, తాళం వేసి, తాళంచెవిని లోపల చేయి పెట్టే మనిషి జేబులోనే ఉంచండి. గొట్టంలోని గాలి లాగుడికి రెక్కలు తిరగకుండా వాటికి అడ్డు కూడా పెట్టించండి. మీది లోపల శాశ్వత అయస్కాంతాలు ఉండే పర్మనెంట్ మాగ్నెట్ మోటారు అయితే, గాలికి తిరిగినా టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ పుడుతుంది.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ నెల్లిమర్ల నుంచి.

నెల్లిమర్ల శ్రోత: డ్రైవ్ పాడైతే పని ఆగకుండా మా ప్యానెల్‌లో బైపాస్ కాంటాక్టర్, అంటే డ్రైవ్‌ను తప్పించి లైనును నేరుగా మోటారుకు కలిపే స్విచ్, పెట్టారండి. డ్రైవ్ మెయిన్ ఆఫ్ చేసి మోటారు విప్పవచ్చా?

ఇంజనీరు: బైపాస్ ఉన్న ప్యానెల్‌లో డ్రైవ్ మెయిన్ ఆఫ్ చేసినా, కాంటాక్టర్ మూసుకుంటే లైను నేరుగా మోటారుకు చేరుతుంది. అందువల్ల రెండు దారులకూ ముందున్న మెయిన్‌కు గానీ, రెండూ కలిసిన తరువాత మోటారుకు ముందున్న ఐసొలేటర్‌కు గానీ తాళం వేయండి. మోటారు చుట్టలకు మెగ్గర్, అంటే ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు, పెట్టదలిస్తే, డ్రైవ్ నుంచి కేబుల్ పూర్తిగా విప్పిన తరువాతే పెట్టండి. లేకపోతే మెగ్గర్ వోల్టేజీకి డ్రైవ్ దెబ్బతింటుంది.