జత దొరకని చెట్టు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాద. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు, మన్నించాలి. ‘విదేశీ ఉద్యానవనాల అందాలు’ అని విషయమిచ్చారు. గులాబీల ఫొటోలు, తులిప్‌ల ఫొటోలు తెచ్చాను, ఆఖర్న చూపిస్తాను. ముందు ఒక్క చెట్టు గురించి చెప్పనివ్వండి.

లండన్‌లోని క్యూ గార్డెన్స్. 300 ఎకరాల పైచిలుకు తోట. టూరు వాళ్లు మాకిచ్చిన సమయం గంటన్నర! అక్కడ పామ్ హౌస్ అని, 1848లో పూర్తయిన గాజు భవనం ఉంది. తలుపు దాటగానే కళ్లద్దాల మీద ఆవిరి కమ్మేసింది. తుడుచుకుని చూస్తే ఒక కుండీ మొక్క. మొక్క అంటున్నాను గానీ కాండమే నాలుగు మీటర్ల పొడవు, పక్కకు ఒరిగిపోయి ఊతల మీద ఆనుకుని ఉంది. క్యూ కోసం మొక్కలు సేకరించే ఫ్రాన్సిస్ మాసన్ దక్షిణాఫ్రికా నుంచి 1775లో తెచ్చిన సైకాడ్ అది. మనం కుండీల్లో పెంచే సైకాస్‌కు చుట్టమే. ఇన్నేళ్లూ కుండీలోనే బతికింది. 1819లో అది కంకి వేస్తే, వయసు మళ్లిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ పనిగట్టుకుని చూడవచ్చారు. మరుసటి ఏడాదే ఆయన పోయారు.

నేను చెప్పాలనుకున్న చెట్టు ఇది కాదు. అదీ సైకాడే, క్యూలోనే ఇంకో గాజు భవనం, టెంపరేట్ హౌస్‌లో ఉంది. ఎన్‌సెఫలార్టోస్ వుడై. ఈ పేరు రాసుకోండి.

సైకాడ్‌లలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. 1895లో జాన్ మెడ్లీ వుడ్ అనే వృక్షశాస్త్రవేత్త దక్షిణాఫ్రికాలోని ఎన్‌గోయే అడవిలో ఈ చెట్టును చూశారు. ఒకే ఒక్క దుబ్బు, మగది. ఆ తర్వాత ఎందరెందరో ఆ అడవిలో వెతికారు, ఈమధ్య డ్రోన్లతో కూడా వెతికారు. ఆడచెట్టు దొరకలేదు. ఇప్పుడు అడవిలో ఆ మగదీ లేదు. లోకంలోని తోటల్లో ఉన్నవన్నీ ఆ ఒక్క దుబ్బు పిలకలే. క్యూకు 1899లో వచ్చిన కాండం 2004లో మొదటిసారి కంకి వేసింది. నూట అయిదేళ్లకు! కంకి నిండా పుప్పొడి ఉంటుంది. అందుకునేది ఎక్కడుంది?

ముదురాకుపచ్చ ఆకులు, వంగి మెరుస్తున్నాయి. అంత ఆరోగ్యంగా ఉన్న చెట్టును చూసి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా బృందంవాళ్లు దాని ముందు నుంచే నడిచి వెళ్లిపోయారు. తప్పు వాళ్లది కాదు, చెట్టు దగ్గర దాని వివరాలు రాసి పెట్టిన పలక చదివే తీరిక ఎవరిచ్చారు? అమ్మా, అయ్యా, మీకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను. తోటకు వెళ్తే పలక చదవండి. పది పువ్వులు చూడకపోయినా ఫరవాలేదు, ఒక్క పలక చదవండి.

ఇంకో మాట, ఇది చెప్పడానికే ఈ ఆహ్వానం ఒప్పుకున్నాను. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒకాయన తడిరుమాలు విప్పి, లోపల తుంచుకొచ్చిన కొమ్మ చూపించారు. అందరూ భలే తెచ్చారన్నారు. నేను నోరు విప్పలేదు. ఆ మౌనం ఇన్నేళ్లుగా నన్ను గుచ్చుతోంది.

రువాండాలో ఒక వేడినీటి ఊట పక్క బురదలో దొరికిన బుల్లి కలువ ఉంది, గోరంత ఆకు. విత్తనాలు మొలిచేవి, మొలకలు చచ్చిపోయేవి. కార్లోస్ మగ్దలేనా అనే క్యూ తోటమాలి పట్టుబట్టి కూర్చున్నారు. మిగతా కలువల్లా నీళ్లలో ముంచితే దీనికి గిట్టదని, గాలి తగలాలని కనిపెట్టారు. 2009లో క్యూలో పూసింది. 2014 జనవరిలో సందర్శకుల కళ్ల ముందున్న ఆ మొక్కల్లో ఒకదాన్ని ఎవరో పెకలించుకుపోయారు. దాన్ని తీసుకెళ్లిన మనిషికి కూడా మొక్కలంటే ఇష్టమే అయి ఉంటుంది. అదే నాకు భయం. మొక్కలంటే ఇష్టమున్న చేతులే తుంచుతాయి, బస్సులో రుమాలు విప్పిన ఆయన చేతుల్లాగా. ఒక రెమ్మే కదా అనిపిస్తుంది. ఎన్‌గోయేలోనూ ఉన్నది ఒక్క దుబ్బే కదా!

సమయం అయిపోయిందని చీటీ అందింది. గులాబీల ఫొటోలు బల్ల మీద పెట్టి వెళ్తాను, తీరిగ్గా చూడండి. తెర మీద ఒక్కటే వేస్తాను. లైట్లు ఆర్పండి బాబూ. వెనక వరుసవాళ్లకు కనబడుతోందా? ఆకుల కింద, ఎడమవైపు ఉన్నదే పలక. గట్టిగా చదువుతాను.