కోతలయ్యాక వచ్చిన రిపోర్టు

అధ్యక్షుల వారికి, ప్రిన్సిపాల్ గారికి, వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీకు సైన్స్ దినోత్సవ శుభాకాంక్షలు. 1928లో ఇదే తేదీన రామన్ గారు వెలుగు గురించి కొత్త సంగతి కనిపెట్టారు కాబట్టి నన్నూ వెలుగు గురించే మాట్లాడమన్నారు. ఆకులో ఏముందో లేజర్ వెలుగుతో తేల్చే పద్ధతి గురించి మాట్లాడతాను. ముందు మా నాన్నగారి వరి చేను గురించి చెప్పాలి.

నేను డిగ్రీ చదివే రోజులు. నాట్లు వేసి మూడు వారాలైనా పైరు ఎదగలేదు. ముదురాకు తెంపి చూస్తే నడి ఈనెకు అటూ ఇటూ ఇటుక పొడి చల్లినట్టు మచ్చలు. వంచితే చిటుక్కున విరిగింది. మందుల షాపులో తెగులన్నారు. రెండుసార్లు మందు కొట్టాం, తగ్గలేదు. ఆకులు పాలిథిన్ కవర్లో పెట్టి బస్సెక్కి ల్యాబుకు పట్టుకెళ్లాను. చెమ్మకు కుళ్లాయి, కాగితం కవర్లో తెమ్మన్నారు. మళ్లీ వెళ్లాను. రిపోర్టు వచ్చేసరికి కోతలైపోయాయి. జింకు లోపమట! లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి ఐదు రోజులకోసారి రెండు మూడుసార్లు కొట్టుంటే సరిపోయేది. నాన్నగారు ఆ కాగితం రెండుసార్లు చదివించుకుని, మడిచి పాస్‌బుక్కులో పెట్టుకున్నారు. ఒక్క మాట అనలేదు.

ల్యాబులో ఆకును ఎండబెట్టి, పొడి చేసి, యాసిడ్‌లో గంటల తరబడి కరిగిస్తే గానీ లెక్క తేలదు. లేజర్ పద్ధతిలో ఆ యాసిడ్ పని లేదు. పొడిని బిళ్లలా నొక్కి దానిమీద లేజర్ పేలుస్తారు. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఐదారు ముక్కల సేపే ఆ మెరుపు. తగిలినచోట పదార్థం పది వేల డిగ్రీల ప్లాస్మా, అంటే మెరిసే వేడి వాయువులాంటిది, అవుతుంది. అందులో ఒక్కో మూలకం తన రంగు తాను చూపిస్తుంది. ఉప్పు పడితే పొయ్యి మంట పసుపు రంగులో వెలగడం చూశారుగా, అదే సూత్రం. వెలుగు తరంగాల పొడవు లెక్కలో కాల్షియం 393, 397 నానోమీటర్ల దగ్గర, పొటాషియం 766 దగ్గర దొరుకుతాయి. ఆ ప్లాస్మా లెక్కలకు ఇప్పటికీ 1920లో మన శాస్త్రవేత్త మేఘనాద్ సాహా గారిచ్చిన సమీకరణమే ఆధారం.

అన్నీ సులువని చెప్పను. నాన్నగారి జింకు కష్టమే, ఆకులో కిలోకు ఇరవై మిల్లీగ్రాముల దగ్గర తేల్చాలి. కాడ్మియం అనే విష లోహం మరీ కష్టం. ఆకుకూరల్లో కిలోకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం, అంత తక్కువ మామూలుగా దీనికి అందదు. మురుగునీటితో పండించిన తోటకూరలో యంత్రానికి విషం కనపడలేదంటే లేదని కాదు, ల్యాబుకు పంపాల్సిందే. పైగా వరి ఆకుకు కట్టిన లెక్క మామిడి ఆకుకు పనికిరాదు.

అయినా 2023 ఆగస్టులో మన ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర గంధకం ఉందని తేల్చింది ఈ పద్ధతితోనే. ఆ వార్త విని చప్పట్లు కొట్టాను. ఆ వెంటనే నాన్నగారి పాస్‌బుక్కు గుర్తొచ్చింది. అయ్యా, పెద్దలు ఇక్కడే ఉన్నారు కనక అడుగుతున్నాను, జిల్లాకు ఒక్క లేజర్ యంత్రమైనా పెట్టించండి. పైరు చేలో ఉండగానే జవాబు రావాలి.

టైమ్ అయిందని చీటీ వచ్చింది, ముగిస్తాను. పిల్లలూ, ఇప్పుడు మీ దాళ్వా చేలు పచ్చగా ఉన్నాయి. ఎక్కడైనా ఆ ఇటుక రంగు మచ్చలు కనిపిస్తే ఆకులు కోసి సోమవారం నా దగ్గరికి తీసుకురండి. మన కాలేజీలో యంత్రం లేదు, ల్యాబుకు నేనే పట్టుకెళ్తాను. కవరు మీద నాటిన తేదీ రాయండి. కాగితం కవరే, పాలిథిన్ వద్దు.