ముక్కు చూసి పని చెప్పొచ్చు

అందరికీ నమస్కారం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను వైమానిక దళంలో పనిచేసినవాణ్ణి కాను. ముప్పై రెండేళ్ళు బ్యాంకు కౌంటరు వెనకాల కూర్చున్నాను. విమానం ఎక్కింది కూడా లెక్కపెడితే పదిసార్లు ఉండదు. మన విశాఖపట్నంలో ఏ సభ పెట్టినా నేవీలో చేసి రిటైరైన పెద్దలు నలుగురైనా ఉంటారు, ఇవాళా కనిపిస్తున్నారు. నేను ఎక్కడైనా తప్పు చెబితే అక్కడే ఆపేయండి, మొహమాటం వద్దు. నాకున్న అర్హతల్లా ఇదిగో, ఈ బల్ల మీద ఉన్న నలభై ఒక్క విమానాల మోడళ్ళు. ఇంట్లో ఇంకొన్ని ఉన్నాయి. ఎన్ని అని మా ఆవిణ్ణి మాత్రం అడక్కండి.

ఒక చిన్న పరీక్షతో మొదలుపెడదాం. చిట్టచివరి బెంచీలో కూర్చున్న పిల్లలూ, ఇటు చూడండి. నా చేతిలో ఉన్నది ఏ విమానం?

మిగ్-21. భేష్! ఎలా చెప్పావమ్మా? ముక్కు దగ్గర గుండ్రటి నోరు, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన కోను. అంతే, ఇంకేం అక్కర్లేదు.

ఇప్పుడు ఒక లెక్క. నాకూ ఆ బెంచీకీ మధ్య సుమారు 35 అడుగులు ఉంటుంది. ఈ మోడల్ అసలు విమానంలో 72వ వంతు. 35ని 72తో హెచ్చిస్తే 2,520. అంటే దాదాపు అర మైలు దూరంలో ఎగిరే అసలు మిగ్ ఎంత కనిపిస్తుందో, ఈ బొమ్మ మీకు అంతే కనిపిస్తోంది. ఈ ఆలోచన నాది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో, అమెరికా నౌకాదళం బడిపిల్లల్ని అయిదు లక్షల విమానాల బొమ్మలు చెక్కి ఇమ్మని అడిగింది. చెక్కతో చెయ్యాలి, పైన నల్లరంగు వెయ్యాలి. నలుపెందుకంటే ఆకాశంలో దూరంగా ఉన్న విమానానికి రంగులు, గుర్తులు ఏవీ కనబడవు. నీడలాగా ఆకారం ఒక్కటే కనబడుతుంది. ఓడ మీద తుపాకీ దగ్గర నిలబడ్డ కుర్రాడు ఆ నీడని చూసి మనదా, అవతలివాళ్ళదా రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. తప్పితే మనవాణ్ణే కూల్చేస్తాడు.

72వ వంతే ఎందుకంటారా? అడుగులు, అంగుళాల లెక్క. ఆరడుగుల మనిషి అంటే 72 అంగుళాలు. బొమ్మలో ఆ మనిషి సరిగ్గా అంగుళం ఉంటాడు. 1930లలో బ్రిటన్‌లో మోడళ్ళు చేసేవాళ్ళు మొదలుపెట్టిన కొలత అది. మీటర్లు వచ్చి ఇన్నేళ్ళయినా మా లోకంలో ఇప్పటికీ అదే నడుస్తోంది.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది కూడా ఆ నల్లబొమ్మల సంగతే. యుద్ధ విమానాల రకాలు అనగానే ఫైటర్, బాంబర్, రవాణా విమానం, శిక్షణ విమానం అని పుస్తకాల్లో పట్టికలు వేస్తారు. బట్టీ పడితే పరీక్ష అయ్యాక మర్చిపోతాం. బొమ్మని చేతిలోకి తీసుకుని ముక్కు, రెక్క, పొట్ట, తోక తడిమి చూస్తే అది ఏ పనికి పుట్టిందో మనకే తెలిసిపోతుంది.

ఈ రెండూ చూడండి. ఎడమ చేతిలో మిగ్-23, కుడి చేతిలో మిగ్-27. ఒక తల్లి బిడ్డలే. రెండిటికీ రెక్కలు ముందుకీ వెనక్కీ మడుచుకుంటాయి. ముక్కులు మాత్రం కలవవు. ఎడమదాని ముక్కు సూదిగా, గుండ్రంగా ఉంది. లోపల రాడార్ ఉంది మరి. గాలిలో ఇంకో విమానాన్ని పట్టుకోవాలి కాబట్టి అది కావాలి. కుడిదాని ముక్కు పైనుంచి కోసేసినట్టు, బాతు ముక్కులాగా కిందికి వాలి ఉంది. రాడార్ తీసేశారు. దీని పని నేల మీదున్న గురిని కొట్టడం. పైలట్‌కి కిందికి బాగా కనబడాలి, అందుకని ఆ వాలు. మన మిగ్-27లు 2019 డిసెంబరు 27న జోధ్‌పూర్‌లో చివరిసారి ఎగిరాయి. ఫొటోల్లో ఈ రెండిటినీ చాలా ఏళ్ళు నేను ఒకటే అనుకునేవాణ్ణి. పక్కపక్కన పెట్టుకుని రంగు వేస్తున్నప్పుడు గానీ ఆ వాలు నా కంటికి ఆనలేదు.

రవాణా విమానాలకొస్తే వాటి అందం గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం అవే ఇష్టం. ఇది ఏఎన్-32. రెక్క వీపు మీద ఉంది, పొట్ట నేలకి దగ్గరగా ఉంది. లారీలోకి ఎక్కించినట్టు వెనక తలుపులోంచి సామాను నేరుగా ఎక్కించడానికి ఆ ఏర్పాటు. ఇంజన్లు చూడండి, రెక్క కింద వేలాడటం లేదు, రెక్క మీదికెక్కి కూర్చున్నాయి. ఎండలకీ, హిమాలయాల ఎత్తుకీ పల్చబడే గాలిలో కూడా బరువు లేపాలంటే పెద్ద ఇంజను, పెద్ద ప్రొపెల్లర్ కావాలి. కింద పెడితే ప్రొపెల్లర్ నేలకి తగులుతుంది. మన వైమానిక దళం అవసరాలు దృష్టిలో పెట్టుకుని సోవియట్ వాళ్ళు చేసిన విమానం ఇది, 1984లో వచ్చి చేరింది. దాని పక్కన ఉన్నది సి-130జె. హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో ఈ విమానం తోక భాగాలు తయారవుతాయి. అపాచీ హెలికాప్టర్ బాడీ కూడా ఆ ఊళ్ళోనే తయారవుతుంది.

హెలికాప్టర్ల గురించి ఇవాళ చెప్పను. రోటర్లు విరక్కుండా ఆటోలో తీసుకురావడం నా వల్ల కాలేదు.

ఇక మన ఊరి విమానం. బీచ్ రోడ్డులో టీయూ-142 ఎక్కనివాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? అనుకున్నాను, ఒక్క చెయ్యి కూడా లేవలేదు. 1988లో మన నౌకాదళంలో చేరింది. 2017 మార్చి 29న అరక్కోణంలో వీడ్కోలు చెప్పారు, అదే ఏడాది డిసెంబరులో ఇక్కడ మ్యూజియం అయింది. సబ్‌మెరీన్‌లని వేటాడటం దాని పని. అలాంటిదాన్ని తీసుకొచ్చి బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా సబ్‌మెరీన్‌కి ఎదురుగా, రోడ్డుకి అటొకటి ఇటొకటి పెట్టాం. సాయంత్రాలు ఆ రెండిటి మధ్య నిలబడి మొక్కజొన్న పొత్తు తింటుంటే నాకు నవ్వొస్తుంది.

పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. అంత పెద్ద విమానానికి జెట్ ఇంజన్లు పెట్టకుండా ఫ్యాన్లు ఎందుకు పెట్టారని. సముద్రం మీద గంటల తరబడి తిరగాలి కదా, ఆ రోజుల్లో జెట్ ఇంజన్లు ఇంధనాన్ని నీళ్ళలా తాగేసేవి. అందుకని ప్రొపెల్లర్లని తిప్పే టర్బోప్రాప్ ఇంజన్లు నాలుగు పెట్టి, ఒక్కో ఇంజనుకి రెండేసి ప్రొపెల్లర్లు, ఒకదానికొకటి ఎదురు తిరిగేలా బిగించారు. మొత్తం ఎనిమిది. ఈసారి వెళ్ళినప్పుడు దగ్గరికెళ్ళి లెక్కపెట్టండి. దాని స్థానంలోకి వచ్చిన పీ-8ఐ జెట్టే. మనం ప్రయాణం చేసే బోయింగ్ 737 ఒడ్డూ పొడుగూ దానిది, తోక చివర మాత్రం కర్రలాగా ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. నీళ్ళ కింద ఉన్న ఇనుము వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాని పసిగట్టే పరికరం అందులో ఉంది. విమానంలో ఉండే ఇనుముకీ, కరెంటు పరికరాలకీ దూరంగా ఉండాలి కాబట్టి అంత చివర పెట్టారు.

టీయూ-142కి నాటో దేశాలు పెట్టిన పేరు బేర్, అంటే ఎలుగుబంటి. ఆ పేర్లలో ఒక తమాషా ఉంది. సోవియట్ ఫైటర్లకి ఎఫ్‌తో, బాంబర్లకి బీతో, రవాణా వాటికి సీతో, హెలికాప్టర్లకి హెచ్‌తో మొదలయ్యే పేర్లు పెట్టారు. ఒక్క ఊపులో పలికే పేరైతే ప్రొపెల్లర్ది, రెండు ఊపుల్లో పలికేదైతే జెట్టు. బేర్, ప్రొపెల్లర్. ఏఎన్-32 పేరు క్లైన్, అదీ ప్రొపెల్లరే. మిగ్-21 ఫిష్‌బెడ్, జెట్. రేడియోలో పేరు వినగానే వచ్చేది ఏమిటో సగం తెలిసిపోతుందన్నమాట. చెవికి కూడా ఒక ఆకారం అందించారు, గట్టివాళ్ళే.

సరే, సేకరణ. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏ కంపెనీ కొనాలని. నేను మాత్రం ముందు ఒక్క స్కేలు ఎంచుకోమంటాను. ఒకటి 72లో, ఒకటి 144లో, ఇంకోటి 48లో కొంటే షెల్ఫు నిండుతుంది గానీ ఏది ఎంత పెద్దదో ఎప్పటికీ తెలియదు. ఈ గ్నాట్ ఫైటర్ చూడండి. 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ జెట్లని గడగడలాడించింది ఇదే. వైమానిక దళానికి దక్కిన ఒకే ఒక్క పరమవీర చక్ర గ్రహీత నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ 1971లో శ్రీనగర్ మీద పోరాడింది దీంట్లోనే. అసలు పొడవు తొమ్మిది మీటర్లు, బొమ్మ పన్నెండున్నర సెంటీమీటర్లు. అదే 72వ వంతులో టీయూ-142 చేస్తే డెబ్బై మూడు సెంటీమీటర్లు దాటుతుంది. మా ఇంట్లో అది బీరువా మీద తప్ప ఎక్కడా పట్టలేదు. పక్కన గ్నాట్ పెడితే గద్ద రెక్క కింద పిచ్చుకలా ఉంటుంది.

డై-కాస్ట్, అంటే లోహంతో అచ్చు పోసిన బొమ్మ అయితే తయారుగా వస్తుంది, బరువుగా ఉంటుంది, కొని పెట్టుకోవడమే. తప్పేమీ లేదు. ప్లాస్టిక్ కిట్ అయితే ముక్కలు కత్తిరించి, గీకి, అతికించి, రంగు వెయ్యాలి. నేను కిట్ల మనిషిని కాబట్టి నా దెబ్బలు కొన్ని మీకు పనికొస్తాయి. మొదటి మిగ్‌కి కాక్‌పిట్ అద్దం సూపర్ గ్లూతో అంటించాను. తెల్లారేసరికి అద్దం నిండా మంచు పట్టినట్టు తెల్లటి పొర. ఆ జిగురు ఆవిరికి అలా అవుతుందట. అప్పటినుంచి అద్దాలకి తెల్ల ఫెవికాలే. ముందు ఒక చక్రం, వెనక రెండు చక్రాలు ఉన్న విమానాలైతే ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూలబడతాయి. విదేశీ వీడియోల్లో దానికేవో ఖరీదైన బరువులు చూపిస్తారు. నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర కొట్టుకెళ్ళి వలకి కట్టే సీసపు గుండ్లు తెచ్చుకుంటాను. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకి అసలివ్వకండి. విమానం మీద గుర్తులు, అంకెల కోసం అంటించే డెకాల్ స్టిక్కర్ల అంచులు మన సముద్రపు గాలికి లేస్తాయి, పాతబడితే పసుపెక్కుతాయి. వాటిని గట్టిగా మూసిన కవర్లో పెట్టుకోవాలి. ఒకసారి కొరియర్లో వచ్చిన కిట్ డబ్బా అప్పడంలా నలిగి వచ్చింది. ఫిర్యాదు చేస్తే లోపల ఏముందని అడిగారు. ప్లాస్టిక్ ముక్కలు అన్నాను. ముక్కలే కదా సార్, ముక్కలుగానే వచ్చింది అన్నారు.

చివరగా ఇది. తెలిసినవాళ్ళు చెప్పండి. ఎవరూ లేరా? హెచ్ఎఫ్-24 మారుత్. బెంగళూరులో హెచ్ఏఎల్, అంటే హిందుస్తాన్ ఏరోనాటిక్స్ చేసింది, మన గడ్డ మీద పుట్టిన మొదటి జెట్ ఫైటర్. రూపకల్పన చేసింది కుర్ట్ టాంక్, యుద్ధకాలపు జర్మనీలో ఫోకే-వుల్ఫ్ 190 చేసిన మనిషి. 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. బొమ్మని ఇలా తిప్పి చూడండి. సన్నటి నడుము, వెనక్కి వాలిన రెక్కలు. ధ్వని వేగానికి రెట్టింపు వెళ్ళాలని గీసిన ఒళ్ళు. తీరా దానికి తగిన ఇంజను ఎక్కడా దొరకలేదు. ఇంత చిన్న గ్నాట్‌లో ఒకటి ఉందే, ఆ ఆర్ఫియస్ రకం ఇంజన్లే రెండు పెట్టి ఎగరేశారు. ధ్వని వేగాన్ని అందుకోవడమే గగనమైంది. ఇందాకటినుంచి ఒళ్ళు చూసి పని చెప్పొచ్చని ఊదరగొట్టాను కదా, నా మాట నిలబడని చోటు ఇది ఒక్కటే. ఆ ఒళ్ళు చెప్పే వేగం అది ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా 1971లో రాజస్థాన్ సరిహద్దులో నేలకి తగిలేంత కింద ఎగిరి తన పని తాను చేసింది.

దీని కిట్ నాకు దొరకలేదు. కొండపల్లి నుంచి తెల్ల పొణికి కర్ర తెప్పించి, కాగితం మీద గీసుకున్న బొమ్మ చూసుకుంటూ నేనే చెక్కాను. ఎడమ రెక్క కాస్త మందంగా వచ్చింది, ఇప్పటికే ముగ్గురు గమనించినట్టున్నారు.

ప్రశ్నలుంటే ఇక్కడికే రండి, చూస్తూ మాట్లాడుకుందాం. పిల్లలూ, తోసుకోకండి. మారుత్ కర్రే కాబట్టి ఎంతసేపైనా చేత్తో పట్టుకోవచ్చు. మిగ్ ముక్కు దగ్గర ఉన్న సన్నటి గొట్టాన్ని మాత్రం ముట్టుకోవద్దు, దాన్ని ఇప్పటికి మూడుసార్లు అతికించాను.