పెళ్లికానుకగా అందిన పాట

శ్రోతలకు నమస్కారం. ఇంగ్లండుకు చెందిన ఆల్టర్నేటివ్ రాక్ బృందం 'ద క్యూర్' 1989 మే నెలలో 'డిసింటిగ్రేషన్' అనే ఆల్బమ్‌ను విడుదల చేసింది. ముప్పయ్యో ఏడు ముంచుకొస్తున్న దిగులులో గాయకుడు రాబర్ట్ స్మిత్ రూపొందించిన ఆ ఆల్బమ్‌లో కొన్ని పాటలు ఏడెనిమిది నిమిషాలు సాగుతాయి. వాటి నడుమ మూడున్నర నిమిషాల్లో ముగిసే పాట 'లవ్‌సాంగ్'. పేరు కూడా అంత సాదా. బడి రోజుల నుంచి తాను ఎరిగిన మేరీ పూల్‌ను 1988లో పెళ్లాడిన స్మిత్, ఆమెకు పెళ్లికానుకగా దీనిని రాశాడు.

ఈ పాటలో ఆమె కళ్ల గురించి గాని, నవ్వు గురించి గాని ఒక్క మాటా లేదు. నీతో ఏకాంతంగా ఉన్నప్పుడల్లా మళ్లీ ఇల్లు చేరినట్టుంటుందని మొదలుపెట్టి, అదే వాక్యంలో ఒక్కొక్క మాటనే మారుస్తూ, వెలితి తీరినట్టు, వయసు తగ్గినట్టు, సంకెళ్లు వీడినట్టు ఉంటుందని చెప్పుకుంటూ పోతాడు. ఎంత దూరాన ఉన్నా ప్రేమిస్తూనే ఉంటాననే పల్లవి, కచేరీల కోసం నెలల తరబడి ఊళ్లు తిరిగే మనిషి నోట వచ్చినది కనుక, అలంకారంగా కాక హామీగా వినిపిస్తుంది.

ఇంత నిండైన మాటలకు ఆయన ఎంచుకున్నది విషాదం పలికే 'ఎ మైనర్' (A minor) అనే పాశ్చాత్య స్వరశ్రేణి. గమకాలను పక్కన పెడితే, అవి మన నఠభైరవి మేళంలోని స్వరాలే. చరణంలో స్వరగుచ్ఛాలు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు, నాలుగు మెట్లు వరుసగా దిగి, తిరిగి మొదటి మెట్టుకే చేరతాయి. బృంద సభ్యుడు సైమన్ గాలప్ వాయించే బేస్ గిటారు, అంటే మంద్రస్థాయి గిటారు, ఆ నడకను ఆసాంతం మోస్తుంది. ఈ మాటలనే ఉల్లాసమైన మేజర్ స్వరాల్లో కూర్చి ఉంటే, పాట శుభాకాంక్షల కార్డులా మిగిలేదని నా అభిప్రాయం. దిగులు బాణీ ఉండడం వల్లనే, పోగొట్టుకోవడమంటే ఏమిటో తెలిసినవాడు ఇస్తున్న మాటగా అది మనకు చేరుతుంది.

భార్యకిచ్చిన ఈ కానుక అదే ఏడాది అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 2వ స్థానానికి ఎక్కింది. స్వదేశంలో మాత్రం 18 దగ్గరే ఆగింది, ఎందుకో మరి. 2011లో ఇంగ్లండు గాయని అడెల్ తన '21' ఆల్బమ్‌లో దీనినే బోసా నోవా అనే బ్రెజిల్ సంగీత పద్ధతిలో, నెమ్మదిగా, గుసగుసగా పాడింది.

ఇప్పుడు అసలు పాటనే విందాం. గొంతు మొదలయ్యేలోపు, అడుగున నడుస్తున్న ఆ బేస్ గిటారును పట్టుకోండి.