గోకుడు ఆగని కుక్క: దురద మూలాన్ని ఏ వరసలో వెతకాలి

అందరికీ నమస్కారం.

అర్ధరాత్రి ఇల్లంతా నిద్రపోయాక వెనక కాలు నేలకేసి టపటపా కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. కుక్క చెవి వెనక గోక్కుంటోంది. కాసేపు ఆగి పాదం నాకడం మొదలుపెడుతుంది, ఆ నాకుడు తెల్లవార్లూ సాగుతుంది. దానికీ నిద్ర ఉండదు, మీకూ ఉండదు. ఈ బాధను చిన్నదిగా చూడకండి. ఆగని దురద కుక్కకి తిండినీ ఆటనీ కూడా చేదు చేస్తుంది.

దురద జబ్బు కాదు, లక్షణం. జ్వరం లాంటిదే. ‘దురదకి మందు ఇవ్వండి’ అని అడిగితే ఏదో ఒక ఇంజెక్షన్ దొరుకుతుంది. పది రోజులు బాగుంటుంది, ఆ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకొస్తోందో ఎవరూ వెతకలేదు మరి. అలర్జీ ఉన్న కుక్క విషయంలో ఏ మందు వాడాం అన్నదానికన్నా, ఏ వరసలో వెతికాం అన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. అందుకే మందుల పేర్లకి ఆలస్యంగా వస్తాను.

ప్రతి కుక్కా కొంతవరకు దురదను ఓర్చుకుంటుంది. ఆ హద్దు దాటితేనే గోకుతుంది. గాలిలోని పుప్పొడి వల్ల కొంత, నాలుగు పురుగు కాట్ల వల్ల కొంత, చర్మం మీద పెరిగిన బాక్టీరియా వల్ల కొంత. విడివిడిగా అయితే ఓర్చుకునేదే, మూడూ ఒకేసారి మీద పడితే హద్దు దాటుతుంది. ఇందులో మీకు మేలు చేసే సంగతి ఒకటుంది. పుప్పొడిని మీరు ఆపలేరు గానీ పురుగుల్నీ బాక్టీరియానీ తీసేయగలరు. ఆ రెండూ పోతే చాలా కుక్కలు మళ్లీ హద్దు లోపలికి వచ్చేస్తాయి. దీనికి వ్యతిరేకం కూడా నిజమే. ఎంత ఖరీదైన మందు వాడుతున్నా ఇన్ఫెక్షన్‌ని పట్టించుకోకపోతే ‘మందు పనిచేయడం లేదు’ అనే మాటే మిగులుతుంది.

ముందుగా కుక్కని వెలుతురులో పడుకోబెట్టి, ఎక్కడెక్కడ గోకుతోందో, నాకుతోందో, కొరుక్కుంటోందో కాగితం మీద రాయండి. తోక మొదలు, నడుము వెనక భాగం, వెనక తొడలు అయితే ముందు ఫ్లీ పురుగుల్నే అనుమానించాలి. పాదాలు, మూతి చుట్టూ, చెవుల లోపల, చంకలు, పొత్తికడుపు అయితే వాతావరణ అలర్జీ గానీ తిండి అలర్జీ గానీ కావచ్చు. ఆ రెండూ చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. చెవి అంచులు, మోచేతులు, వెనక కాళ్ల మడమలు పొలుసులు కట్టి, దురద విపరీతంగా ఉంటే అది గజ్జి. గజ్జి పురుగు ఇంట్లో మనుషులకీ దద్దుర్లు తెప్పిస్తుంది. తెల్లటి వెంట్రుకలున్న కుక్కకి పాదాలు ఇటుక రంగుకి తిరిగితే అది ఉమ్మి మరక, చాలాకాలంగా నాకుతోందని సాక్ష్యం. వయసు కూడా రాయండి. వాతావరణ అలర్జీ ఎక్కువగా 6 నెలల నుంచి 3 ఏళ్ల లోపే బయటపడుతుంది. ఏడేళ్లు నిక్షేపంగా ఉన్న కుక్కకి హఠాత్తుగా దురద మొదలైతే తిండినీ లోపలి జబ్బుల్నీ కూడా వెతకాలి.

దురదకి సున్నా నుంచి 10 దాకా మార్కులు వేసే అలవాటు చేసుకోండి. సున్నా అంటే మామూలు కుక్క, 10 అంటే తింటున్నా, నిద్రలో ఉన్నా ఆపకుండా గోకడం. వారానికి ఒక రోజు, ఒకే మనిషి వేయాలి. ‘కాస్త తగ్గినట్టుంది’ అనే మాటతో ఏ పశువైద్యుడూ నిర్ణయం తీసుకోలేరు. 8 నుంచి 4కి వచ్చింది అంటే తీసుకోగలరు.

ఇక ఫ్లీ పురుగులు. ఇవి పిడుదులు కావు. పిడుదు చర్మానికి అతుక్కుని ఉంటుంది. ఫ్లీ గోధుమరంగులో, పక్కలకి నొక్కినట్టు పలచగా ఉండి చెంగున ఎగురుతుంది. దాని ఉమ్మికి అలర్జీ ఉన్న కుక్కకి కొద్దిపాటి కాట్లే చాలు. పైగా అలాంటి కుక్క వాటిని నాకి మింగేస్తుంది కాబట్టి వెతికినా దొరకవు. ‘మా కుక్కకి పురుగులు లేవు’ అనే మాట నమ్మదగినది కాదు, చెప్పినవాళ్లు అబద్ధమాడకపోయినా సరే. సన్న పళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి తెల్ల కాగితం మీద వేయండి. ఎర్రటి మరక పాకితే అది ఫ్లీ రెట్ట, అంటే జీర్ణమైన రక్తం.

కుక్క ఒంటి మీద కనిపించేవి మొత్తం పురుగుల్లో కొద్ది వంతే. గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్లు పరుపుల్లో, తివాచీల్లో, నేల పగుళ్లలో ఉంటాయి. గూడులో ఉన్న పురుగు నెలల తరబడి వేచి ఉండగలదు. ఒక్కసారి మందు వేసి ఊరుకుంటే ఓడిపోయేది ఇక్కడే. ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకీ పిల్లికీ కనీసం 3 నెలలు వరసగా మందు పడాలి. పడక గుడ్డల్ని వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి, వాక్యూమ్ తరచూ తిప్పాలి. ఫ్లూరలానర్, అఫాక్సొలానర్, సారొలానర్, లోటిలానర్ అనే మందులు ఫ్లీల మీదా, గజ్జి మీదా గట్టిగా పనిచేస్తాయి. కుక్కకి ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఈ వర్గం మందు ఇచ్చేముందు పశువైద్యుడికి చెప్పి తీరాలి. ఇంకో హెచ్చరిక: పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లి ప్రాణం తీస్తుంది. రెండూ ఒకే ఇంట్లో ఉంటే ఆ మందు జోలికి పోకండి. మెడ మీద పోసే చుక్కల మందు వాడితే, దానికి 2 రోజుల ముందూ తర్వాతా స్నానం వద్దు.

తర్వాత ఇన్ఫెక్షన్. గోకిన చర్మం మీద స్టెఫిలోకోకస్ అనే బాక్టీరియా, మలాసెజియా అనే ఈస్ట్ విపరీతంగా పెరుగుతాయి. బాక్టీరియా అయితే చిన్న చీముపొక్కులు, గుండ్రంగా అంచులు లేచిన పొట్టు. ఈస్ట్ అయితే జిడ్డు, ముక్కిపోయిన వాసన, నల్లబడి ఏనుగు తోలులా మందమైన చర్మం. రెండూ సొంతంగా దురద పుట్టిస్తాయి. కంటితో చూసి ఊహించాల్సిన పని లేదు. పారదర్శక టేపుని చర్మానికి అంటించి తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తే నిమిషాల్లో తేలుతుంది. అదే సమయంలో చర్మాన్ని గీకి డెమోడెక్స్ పురుగుల్ని కూడా వెతకాలి. డెమోడెక్స్ ఉన్న కుక్కకి స్టెరాయిడ్ పడితే జబ్బు ఒళ్లంతా పాకుతుంది. గీకుడు పరీక్ష లేకుండా నెలల తరబడి స్టెరాయిడ్ వాడటం తప్పు, ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

పైపై ఇన్ఫెక్షన్లకి చాలాసార్లు షాంపూ ఒక్కటే సరిపోతుంది, యాంటీబయాటిక్ మాత్రలు అక్కర్లేదు. 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉండాలి, ఈస్ట్ కూడా ఉంటే 2 శాతం మైకోనజోల్ కలిసినది తీసుకోవాలి. షాంపూ ఎందుకు పనిచేయదో చెప్పమంటే ఒకటే జవాబు: చర్మం మీద ఉంచరు. నురుగు తెప్పించి వెంటనే కడిగేస్తారు. వెంట్రుకల్ని వేళ్లతో విడదీస్తూ తోలు తడిసేదాకా నీళ్లు పోయండి. దురద ఎక్కువున్న చోట ముందు రాయండి. అక్కడ్నించి గడియారం చూసి 10 నిమిషాలు ఆగండి. వేడి నీళ్లు దురదను పెంచుతాయి, చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి. జారుడు పూర్తిగా పోయేదాకా కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవండి. వారానికి 2 సార్లు, 3 నుంచి 4 వారాలు చేసి, మళ్లీ టేపు పరీక్ష చేయించాలి. తర్వాత వారానికో, పది రోజులకో ఒకసారి చాలు. మనుషుల షాంపూ మాత్రం వద్దు. మన చర్మం ఆమ్లగుణంతో ఉంటుంది, కుక్క చర్మం దాదాపు తటస్థం.

చెవిని మరచిపోకండి. అలర్జీ ఉన్న చాలా కుక్కలకి మాటిమాటికీ వచ్చే చెవిపోటు కూడా అదే జబ్బులో భాగం. శుభ్రం చేసే ద్రవంతో కాలువ నింపి, చెవి మొదట్లో అర నిమిషం మెల్లగా నలిపి, తల విదిలించనిచ్చి, బయటికొచ్చింది దూదితో తుడవండి. దూది పుల్ల లోపలికి దూర్చకండి, మురికి ఇంకా కిందికి పోతుంది. తల ఒక పక్కకి వాల్చినా, ముట్టుకుంటే ఏడ్చినా ఏమీ పోయకుండా ముందు చూపించండి. కర్ణభేరి చిరిగి ఉండవచ్చు.

పురుగులూ ఇన్ఫెక్షనూ పోయాక కూడా, ఏ కాలమైనా తేడా లేకుండా దురద ఉంటే తిండిని పరీక్షించాలి. తిండి అలర్జీని రక్తం, ఉమ్మి, వెంట్రుకల పరీక్షలు నమ్మకంగా పట్టుకోలేవు. ఆ డబ్బు ఆహార పరీక్షకి పెట్టండి. అలర్జీ దాదాపు ఎప్పుడూ ప్రోటీన్‌కే వస్తుంది. ఎక్కువగా కనిపించేవి గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ. కొత్త బ్రాండుకి మారినా లోపల అదే కోడిమాంసం ఉంటే మారినట్టు కాదు.

పరీక్ష ఇలా చేయాలి. కుక్క ఇంతవరకు ఎప్పుడూ తినని ఒక ప్రోటీన్, ఒక పిండిపదార్థం మాత్రమే పెట్టాలి, లేదా ప్రోటీన్‌ని అతి చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన హైడ్రొలైజ్డ్ ఆహారం పెట్టాలి. వ్యవధి 8 వారాలు. తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో 90 శాతానికి పైగా ఆ లోపు తేరుకుంటాయి. మూడో వారంలోనే ఆశ వదులుకుంటే మొత్తం వృథా. దుకాణంలో ‘ఒకే మాంసం’ అని అమ్మే డబ్బాల్లో వేరే మాంసపు జాడలు దొరుకుతుంటాయి కాబట్టి పరీక్షకి పశువైద్యుడు రాసిచ్చే ఆహారమే మేలు. ఇంట్లో వండితే పెద్ద కుక్కకి ఆ కొద్ది వారాలే, పెరిగే కూనకి అసలు వద్దు. కాల్షియం లోటు ఎముకల్ని దెబ్బతీస్తుంది.

ఈ పరీక్షని చెడగొట్టేది ఎప్పుడూ చిన్న చిన్న వస్తువులే. మాంసం రుచి కలిపిన పురుగుల మాత్ర, కుక్కల టూత్‌పేస్ట్, జెలటిన్ క్యాప్సూల్, నమలడానికిచ్చే తోలు ముక్క, పిల్లి వదిలేసిన గిన్నె, పసివాడి చేతి నుంచి రాలిన బిస్కెట్. ఇంట్లో అందరూ, వచ్చిపోయే చుట్టాలతో సహా, ఒకే మాట మీద ఉండాలి. బహుమతి ఇవ్వాలనిపిస్తే ఆ పరీక్ష తిండిలోంచే నాలుగు గింజలు తీసి ఇవ్వండి. మొదటి 2, 3 వారాలు దురద మందు వాడుతూ తర్వాత ఆపి చూడవచ్చు, కుక్క ఊరికే బాధపడనక్కర్లేదు.

ఎనిమిది వారాలకి తగ్గిందనుకోండి. అప్పుడే చాలామంది ఆగిపోతారు. అది సగం పరీక్షే. పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. 14 రోజుల లోపు దురద తిరిగొస్తే తిండి అలర్జీ ఖాయం. రాకపోతే తగ్గడానికి కారణం కాలం మారడమో, షాంపూనో అయ్యుండాలి, కుక్కని జీవితమంతా ఆ ఖరీదైన తిండికి కట్టేయనక్కర్లేదు.

ఇవన్నీ దాటాక మిగిలేది అటోపీ, అంటే మొదట్లో చెప్పిన వాతావరణ అలర్జీ. పుప్పొడి, ధూళి పురుగులు, బూజు లాంటి వాటికి శరీరం అతిగా స్పందించడం. దీన్ని ఖాయం చేసే ఒక్క పరీక్ష లేదు, మిగతావన్నీ కొట్టేస్తూ వచ్చాక తేలేదే ఇది. అలర్జీ రక్త పరీక్ష, చర్మంలో సూదితో చేసే పరీక్ష రోగం ఉందో లేదో చెప్పవు. కాసేపట్లో చెప్పబోయే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లలో ఏవి కలపాలో ఎంచుకోవడానికే అవి. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకునే జబ్బు. ఇది ముందే తెలిస్తే డాక్టర్లని మార్చుకుంటూ తిరగరు.

ఇక మందులు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ త్వరగా పనిచేస్తుంది, చవక. సాధారణంగా కిలో బరువుకి రోజుకి 0.5 నుంచి 1 మిల్లీగ్రాము, తగ్గగానే రోజు విడిచి రోజుకి, తర్వాత ఇంకా తక్కువకి. కొన్ని రోజుల ఉపద్రవానికి మంచి మందే. దాహం, మూత్రం, ఆకలి పెరుగుతాయి. నెలల తరబడి అయితే కండ తగ్గుతుంది, చర్మం పలచబడుతుంది, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. నొప్పి మాత్రలతో కలిపితే కడుపులో పుండ్లు పడతాయి. చాలాకాలం వాడినదాన్ని ఒక్కసారిగా ఆపకూడదు.

ఒక్లాసిటినిబ్ దురద సంకేతాన్ని కణం లోపల ఆపుతుంది, మొదటి రోజే తేడా కనిపిస్తుంది. కిలోకి 0.4 నుంచి 0.6 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి 2 సార్లు, గరిష్ఠంగా 14 రోజులు, తర్వాత రోజుకి ఒకసారే. ఒకసారికి తగ్గించగానే కొన్ని కుక్కల్లో దురద కాస్త తిరిగొస్తుంది. అప్పుడు సొంతంగా రెండోది వేయకండి, ఇన్ఫెక్షన్ వచ్చిందేమో చూపించండి. 12 నెలలు నిండని కుక్కకీ, తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్న కుక్కకీ ఇవ్వరు. లోకివెట్‌మాబ్ చర్మం కింద వేసే ఇంజెక్షన్, 31వ నంబరు ఇంటర్‌ల్యూకిన్ అనే దురద దూతని పట్టి ఆపుతుంది. 4 నుంచి 8 వారాలు పనిచేస్తుంది. చిన్న వయసువాటికీ, వేరే మందులు వాడేవాటికీ అనుకూలం. కానీ ఎర్రగా వాచి మందమైన చర్మాన్ని, చెవి వాపుని ఇది ఒక్కటే సరిచేయలేదు. సైక్లోస్పోరిన్ కిలోకి రోజుకి 5 మిల్లీగ్రాములు, ఖాళీ కడుపున. ఫలితానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, మొదట్లో వాంతులు మామూలే. సెట్రిజిన్ లాంటి యాంటీహిస్టమిన్ల మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. జలుబు మందు కలిసిన మాత్రలు, ముఖ్యంగా సూడోఎఫిడ్రిన్ ఉన్నవి, కుక్కకి విషం. ఒమేగా 3 నూనె మందుల అవసరాన్ని కొంత తగ్గిస్తుంది, 8 నుంచి 12 వారాలు ఓపిక పట్టాలి.

జబ్బు మూలాన్నే మార్చే చికిత్స ఒకటే, ఇమ్యునోథెరపీ. కుక్కకి పడని పదార్థాల్నే అతి తక్కువ మోతాదుల్లో ఇంజెక్షన్‌గానో నాలుక కింద చుక్కలుగానో ఇస్తూ శరీరాన్ని అలవాటు చేస్తారు. సగానికి పైగా కుక్కల్లో మేలు కనిపిస్తుంది, కానీ తీర్పు చెప్పడానికి 12 నెలలు ఆగాలి. ఆ ఏడాదంతా వేరే దురద మందు పక్కన నడవాల్సిందే. చిన్న వయసు కుక్కకి, ఇంకా ఏళ్ల తరబడి బతకాల్సిన కుక్కకి, ఈ ఏడాది పెట్టుబడి తప్పక ఆలోచించాలి.

ఇంట్లో ఉన్న లేపనాలు పూయకండి. కుక్క ప్రతిదీ నాకుతుంది. టీ ట్రీ నూనె, జింక్ ఆక్సైడ్, నొప్పికి రాసే డైక్లోఫెనాక్ జెల్ హాని చేస్తాయి. మనుషుల సొరియాసిస్‌కి వాడే కాల్సిపోట్రియాల్ కొద్దిగా మింగినా ప్రాణాంతకం.

అదుపులో ఉన్న కుక్క ఒక రోజు మళ్లీ గోకడం మొదలుపెడుతుంది. మందు మోతాదు పెంచే ముందు మీరు రాసుకున్న పుస్తకం తీయండి. పురుగుల మందు తేదీ దాటిందా? స్నానం మానేశామా? ఎవరైనా ఏమైనా పెట్టారా? చర్మం జిడ్డుగా, వాసనగా ఉందా? ఈ నాలుగింటిలో ఏదీ కాకపోతేనే మందు మార్చే మాట. ఒక్క రాత్రిలో చెమ్మగిల్లి ఎర్రగా వ్యాపించే పుండు కనిపిస్తే మాత్రం మర్నాటి దాకా ఆగకుండా మెడకి కోన్ (నాకకుండా అడ్డుపడే గరాటు లాంటి పట్టీ) వేసి తీసుకెళ్లండి, చుట్టూ వెంట్రుకలు తీయించి శుభ్రం చేయించండి.