లినక్స్ బ్రౌజర్‌లో వీడియో ఆడనప్పుడు

సభకు నమస్కారం. ఇవాళ ఉదయం ఈ గదిలోని, ఫెడోరా అనే లినక్స్ రకం నడిచే కంప్యూటర్‌లో, కాశీనగర్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు తన ఫోన్‌లో తీసిన రథయాత్ర వీడియోను ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో తెరిస్తే, ఆడించగల రూపంలో వీడియో లేదన్న సందేశం ఒక్కటే కనిపించింది. "ప్లగిన్ వేయాలాండీ?" అని అతను అడిగాడు. పర్లాకిమిడిలో నన్ను ఇదే ప్రశ్న చాలామంది అడిగారు కనుక, దానికే సమాధానం చెబుతాను.

ఒకప్పుడు ఆ ప్రశ్న సరైనదే. నెట్‌స్కేప్ కాలం నాటి పద్ధతిలో ప్లగిన్ అంటే బ్రౌజర్‌కు కొత్త పని నేర్పే ఒక లైబ్రరీ ఫైలు, అంటే వేరే ప్రోగ్రాం తనలోకి తీసుకుని వాడుకునే కోడ్. దాన్ని హోమ్‌లోని మొజిల్లా ఫోల్డరు లోపల, ప్లగిన్స్ అన్న చోట పెడితే, బ్రౌజర్ మొదలయ్యేటప్పుడు అక్కడ వెతికి తీసుకునేది. నేను ఉబుంటు అనే మరో లినక్స్ రకం 64 బిట్ రూపంలో, వెబ్ వీడియోలు ఆడించే ఫ్లాష్ ప్లగిన్ 32 బిట్ ఫైలును అలా పెట్టి, బ్రౌజర్ ప్లగిన్ల జాబితాలో దాని పేరు ఎందుకు రావడం లేదో తెలియక ఒక సాయంత్రమంతా తల పట్టుకుని కూర్చున్నాను. చివరికి బ్రౌజర్‌ను టెర్మినల్ నుంచి నడిపితే "రాంగ్ ఈఎల్ఎఫ్ క్లాస్" అన్న ఒక్క వాక్యం కనిపించింది: 64 బిట్ ప్రోగ్రాం 32 బిట్ లైబ్రరీని తనలోకి తీసుకోదు. ఆ ప్లగిన్‌ను వేరే ప్రాసెస్‌గా నడిపే ఎన్‌ఎస్‌ప్లగిన్‌రాపర్‌తో గండం గడిచింది కానీ, శబ్దం బొమ్మకు వెనకబడుతూనే ఉండేది.

ఆ పద్ధతి ఇప్పుడు లేదు. లినక్స్‌లో క్రోమ్ 2014లోనే దాన్ని తీసేసింది. ఫైర్‌ఫాక్స్ 2017లో 52వ వెర్షన్‌తో ఫ్లాష్ మినహా అన్నిటినీ, 2021 జనవరిలో 85వ వెర్షన్‌తో ఫ్లాష్‌నూ వదిలేసింది. ఇప్పుడు ఆ ఫోల్డరులో ఏ ఫైలు పెట్టినా ఫైర్‌ఫాక్స్ దాని వంక చూడదు.

నేడు వీడియోను బ్రౌజరే ఆడిస్తుంది, కావలసినది కోడెక్, అంటే కుదించి దాచిన వీడియోను విప్పే కోడ్. వీపీ9, ఏవీ1 అనే కోడెక్‌లు రాయల్టీ అడగనివి కనుక బ్రౌజర్‌తో పాటే వస్తాయి. ఫోన్లలో కనిపించే ఎంపీ4 అన్నది వీడియోను పెట్టే పెట్టె మాత్రమే. అందులో సాధారణంగా ఉండే హెచ్.264 అనే కోడెక్ పేటెంట్ల చిక్కు ఉన్నది కనుక, లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ దాని కోసం సిస్టంలోని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో లైబ్రరీల మీద ఆధారపడుతుంది. ఫెడోరాలో వాటి పూర్తి రూపం ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీల భాండాగారం నుంచి తెచ్చుకోవాలి. ఉబుంటులో ఈ కోడెక్‌ల కోసం రిస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ ప్యాకేజీ ఉంది, అయితే 22.04 వెర్షన్ నుంచి అక్కడ ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే, సిస్టం నుంచి వేరుగా ఉండే ప్యాకేజీ రూపంలో వస్తున్నందున, సిస్టంలో పెట్టిన లైబ్రరీ దానికి అందకపోవచ్చు.

డబ్బు కట్టి చూసే సినిమాల సంగతి వేరు: వాటికి కాపీ రక్షణ ఉన్న వీడియోను విప్పే వైడ్‌వైన్ అనే ముక్క కావాలి, సెట్టింగ్స్‌లో అనుమతిస్తే ఫైర్‌ఫాక్సే దాన్ని దించుకుంటుంది. దాని సోర్సు ఎవరికీ కనిపించదు. అదీ ఒక రకం ప్లగినే కనుక, ప్లగిన్లు పోయాయని మనం చెప్పుకునే మాటలో ఇదొక చిన్న అబద్ధం.

కాబట్టి ముందు వీపీ9 లాంటి కోడెక్‌లు ఉండే ఒక వెబ్‌ఎం ఫైలును, తర్వాత ఒక ఎంపీ4ను ఆడించి చూడండి. మొదటిది ఆడి రెండోది ఆడకపోతే లోపం దాదాపుగా కోడెక్‌దే. రెండూ ఆడకపోతే దాని జోలికి పోకుండా ముందు బ్రౌజర్‌ను, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను చూడాలి. ఉదయం ఇక్కడ వెబ్‌ఎం ఆడింది. ఆ కుర్రాడు కూడా ముందుకు వస్తే, ఆర్‌పీఎం ఫ్యూజన్ జోడించడం ఇప్పుడే మొదలుపెడదాం.